బాలమ్మకు వచ్చిన సంబంధం

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా వైపు నవలాకారులకు కొదువ ఉండేది కాదు, నవలలకే కొదువ. దేవరకొండ బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఎవరో ఒకరు తాను రాయబోయే నవల గురించి చెప్తూ కనిపించేవారు. మన బతుకును మన మాటల్లో మనమే రాసుకోవాలని అందరికీ గట్టిగా ఉండేది, చాయ్ చల్లారేదాకా. ఆ గుంపులో నేనూ ఒకణ్ణి. కాకపోతే నేను వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఉన్నానని నా నమ్మకం, ఎందుకంటే నా నవలకు మొదటి వాక్యం నిజంగానే ఉంది. దాన్ని నేను ఏళ్ళ తరబడి రాస్తున్నాను. (నవలను కాదు, వాక్యాన్నే.) ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. కానీ ఆ తర్వాత ఒక్క నెలలో వాడికి జరిగింది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అప్పట్లో నాకు కృష్ణ మీది డ్యాం పక్కనున్న నందికొండలో ఒక చిన్న లాడ్జిలో కౌంటరు ఉద్యోగం. డ్యాం గేట్లు ఎత్తితే జనం పోటెత్తేవారు, ఒక్కో గదికి ముగ్గురు పోట్లాడుకునేవారు. గేట్లు దించేస్తే నేనూ, గోడ మీద బల్లులూ మిగిలేవాళ్ళం. ఖాళీ రోజుల్లో కౌంటరు మీద తెల్లకాగితం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. "కృష్ణమ్మ పరవళ్ళు తొక్కుతోంది" అని రాయగానే నా తలలోంచి ఒక గొంతు లేచేది. "గిదేంది? ఏ నది అయినా పరవళ్ళే తొక్కుతదా? ఇంకో పనే లేదా దానికి?" కొట్టేసి, "నది నిండుగా ప్రవహిస్తోంది" అని రాసేవాణ్ణి. "గిదేంది? నవలనా, భూగోళం పుస్తకమా?" మళ్ళీ కొట్టివేత. సాయంత్రానికి కాగితం మీద నది ఉండేది కాదు, నల్లటి బురద ఉండేది.

ఆ గొంతు ఎవరిదో చెప్పాలి. మాది మగ్గాల ఇల్లు. మా నాన్న, అదే మా బాపు, నేసిన చీరెను మగ్గం మీంచి కోశాక, పాత ధోవతిలో చుట్టుకుని సావుకారి దుకాణానికి తీసుకుపోయేవాడు. చిన్నప్పుడు నేనూ ఆయన వేలు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. సావుకారు తెల్లదుప్పటి మీద చీరె పరిచి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒక చివర నుంచి వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ వచ్చేవాడు. ఎక్కడో ఒకచోట ఆ వేలు ఆగేది. "గిదేంది?" అనేవాడు. అంతే, ఇంకొక మాట ఉండేది కాదు. ఇంట్లో పులిలా తిరిగే బాపు అక్కడ తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడేవాడు. చీరె అంతా నెమళ్ళు పురివిప్పి ఆడుతున్నా ఆ వేలికి కనిపించింది తెగిన ఒక్క పోగే. కాలం మారి ఆయన బజార్లో దుకాణం ఎత్తేశాడు. ఎత్తేసి ఎక్కడికీ పోలేదు, నా తలలో తెరిచాడు.

ఇలా ఉండగా ఒక వారపత్రిక నవలల పోటీ ప్రకటించింది. అదే సమయంలో మా లాడ్జి పైకప్పు కురవడం మొదలై, ఓనరు మరమ్మతుల కోసం నెలరోజులు మూసేశాడు. దేవుడే తాళం వేయించాడనుకుని సంచి సర్దుకుని ఇంటికి వచ్చాను. బాపు నా ముచ్చటంతా విన్నాడు. మగ్గం గుంటలో కాళ్ళు ఆడిస్తూనే తీర్పు చెప్పాడు. "సరే, నెల దినాలు రాసుకో, నిన్నెవ్వలు ఏమనరు. అయితే మంచిదే. కాకుంటే మాత్రం ఇగ గా ముచ్చట నా ముంగట ఎత్తొద్దు. షాద్‌నగర్ల కంపెనీల మీ మామ మాట్లాడి పెట్టిండు, సప్పుడు చెయ్యకుండ పోవాలె." కంపెనీ ఉద్యోగం చెడ్డదేమీ కాదు. కానీ పొద్దున షిఫ్టు, రాత్రి షిఫ్టు నడుమ నాలోని నవల ఇక లేవదని నాకు తెలుసు. అందుకే ఆ నెల నాకు చావుబతుకుల నెల. ఆ ఊపులో వసారాలో చాప వేసుకుని కూర్చుని, మూడు రోజుల్లో మొదటి వాక్యాన్ని మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేశాను.

వసారాలో నాకు ఎదురుగా బాపు తల్లి, మా అవ్వ, కండెలు చుట్టేది. రాట్నం తిప్పుతూ చిన్న చిన్న గొట్టాలకు నూలు చుట్టి మగ్గానికి అందించాలి. అవి లేకపోతే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే బాపు నాడె ఆగిపోతుంది. చేతులకు పని ఉన్నా నోటికి పని లేక అవ్వకు పొద్దు పోయేది కాదు. నాలుగో రోజు నన్ను చూసి చూసి విసిగి అడిగింది.

"ఏం రా, పొద్దుగాల సంది గా కాయితాన్ని గీకుతున్నవ్. అది నీకేం పాపం చేసింది?"

"కథ రాస్తున్ననవ్వా."

"కతనా? రాసుడెందుకు, చెప్పరాదు. నేను ఇంటుంట, నువ్వు చెప్పు. ఇద్దరికి పొద్దు పోతది."

ఆమె నోరు మూయించడానికే చెప్పడం మొదలుపెట్టాను. (నా సాహిత్య జీవితంలో గొప్ప నిర్ణయాలన్నీ ఇలాగే జరిగాయి.) మధ్యలో ఏమైనా పనికివచ్చే మాట దొర్లితే పోకూడదని ఫోన్‌లో రికార్డింగు పెట్టి కిటికీ గూట్లో ఉంచాను. డ్యాం కింద రోడ్డు పక్కన చేపలు వేయించి అమ్ముకునే ఒక స్త్రీ, గొర్రెలు కాసేవాళ్ళ ఇంటి బిడ్డ, భర్త పని కోసం బొంబాయి పోయాడు. ఆమె పేరు నీహారిక అన్నాను.

రాట్నం ఆగింది. "ఎవలూ?"

"నీహారిక."

"గొర్లోళ్ళ ఇండ్ల గసొంటి పేరు ఎవలు పెడుతర్రా? పొయ్యి కాడ ఆమెను గట్ల పిలిస్తె పలుకుతదా? బాలమ్మ అను. నోరు తిరుగుతది."

ఎన్నో నిఘంటువులు తిరగేసి తెచ్చుకున్న నీహారిక అలా ఒక్క నిమిషంలో మంచులా కరిగిపోయింది. బాలమ్మ వచ్చి మూకుడు పొయ్యి మీద పెట్టింది. పెట్టిందంటే, నిజంగానే పెట్టింది. నేను ఒక మాట అంటే అవ్వ "ఊ" అనేది, ఆ "ఊ" మీద కాలు పెట్టి నేను ఇంకో మాటకు ఎక్కేవాణ్ణి. ఆగితే రాట్నం ఆగేది. రాట్నం ఆగితే కండె తయారు కాదు, కండె లేకపోతే లోపల మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే బాపు బయటికి వస్తాడు. కాబట్టి ఆగడానికి వీల్లేదు. పొద్దెక్కేసరికి బాలమ్మకు ఒక ఆడబిడ్డ, ఒక కుంటి కుక్క, ఎదురు దుకాణంవాడితో ఒక పాత తగాదా ఏర్పడ్డాయి. వీటిలో ఏ ఒక్కటీ పొద్దున నా దగ్గర లేదు.

మరునాడు నాలోని సావుకారు ఊరుకోలేదు. నడిమధ్యలో "గిదేంది?" అన్నాడు. నేను ఠక్కున ఆగి, "కాదవ్వా, బాలమ్మ ఆడబిడ్డను గట్ల తిట్టలేదు, మళ్ళ మొదటికెల్లి చెప్త" అన్నాను. అవ్వ "ఊ" అనడం మానేసింది.

"తిట్టింది గద. నేనిన్న. అన్న మాట మల్ల నోట్లకు ఎట్ల పోతది? తిట్టినంక ఆడిబిడ్డ ఏమన్నదో అది చెప్పు."

"బాగలేదవ్వా గది. సావుకారు ఒప్పుకోడు" అని నోరు జారాను. ఏ సావుకారని ఆమె గుచ్చి గుచ్చి అడిగితే నా తలలోని దుకాణం సంగతంతా చెప్పక తప్పలేదు. మనవడికి పిచ్చి పట్టిందని బాధపడుతుందనుకున్నాను. ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "వారీ, మగ్గం మీదున్న చీరెను సావుకారికి ఎవడన్న సూపిస్తడా? కోసినంక గద ఆయన పని. మీ తాత ఉన్నప్పుడు సావుకారు గీ గడప తొక్కితే మగ్గం మీద దుప్పటి కప్పేటోడు. నడుమల చూస్తె పీడరా అది." ఇది మా ఇళ్ళలో అందరికీ తెలిసిన పద్ధతే. సగం నేసినదాన్ని కొనేవాడి కంట పడనివ్వరు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నాకు అది నూలుకే అనిపించింది, నా కాగితానికి కూడా అని తట్టలేదు. ఆ రోజు నుంచి సావుకారు తలలో గొంతు సవరించుకోగానే, మనసులోనే ఒక దుప్పటి తీసి కప్పేవాణ్ణి. "ఇంకా కోయలేదు, తర్వాత రా" అనేవాణ్ణి. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన వెళ్ళిపోయేవాడు. అంత పెద్దమనిషి నిజంగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాడు.

మధ్యాహ్నాలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, పొద్దున చెప్పిందంతా కాగితాల మీదికి దించేవాణ్ణి. అందులో బాలమ్మతో పాటు మగ్గం టకటక, మేక అరుపు, వీధిలో ఉల్లిగడ్డలమ్మేవాడి కేక కలిసి ఉండేవి. వేగంలో ఒకచోట "బాలమ్మ కన్నీళ్ళతో తలెత్తి, కిలో ఉల్లిగడ్డ" అని రాసేశాను కూడా. కొట్టేయలేదు. దుప్పటి కింద ఉంది కదా అని ముందుకు పోయాను.

వారం తిరిగేసరికి పక్కిళ్ళ ఆడవాళ్ళు ఇద్దరు తమ రాట్నాలు తెచ్చుకుని మా వసారాలో చేరారు. వాళ్ళ "ఊ"లు కూడా కలిసి నా నడక పరుగయింది. ఒకామె బాలమ్మ వంట మీద అధికారం తీసుకుంది. "పసుపు ఉప్పు పట్టియ్యకుండ మూకుట్ల వేసినవేంది? గవి ఎవడు కొంటడు?" అని నన్ను నిలదీసింది. అప్పటికప్పుడు బాలమ్మ చేత చేపలకు పసుపు పట్టించి కథ ముందుకు నడిపాను.

తర్వాత ఒక రోజు అది జరిగింది. బొంబాయి నుంచి ఎవరో వచ్చి, బాలమ్మ భర్త పని చేస్తుండగా గోడ కూలి చనిపోయాడని చెప్పే చోటికి వచ్చాను. అక్కడ ఆమె గుండెలు బాదుకుని ఏడవాలని ముందే అనుకున్నాను. నోరు తెరిచాను. వచ్చిన మాట అది కాదు. "బాలమ్మ ఇన్నది. ఏడ్వలే. మూకుట్ల చాపలు మాడుతున్నయని తిప్పేసింది. ఒక్కొక్కటి తిప్పేసి, అప్పుడు కూలబడ్డది" అన్నాను. "ఊ" రాలేదు. మూడు రాట్నాలూ ఆగాయి. లోపల మగ్గం చప్పుడు కూడా ఆగింది. ఆ నెలంతా నా కథ గురించి ఒక్క మాట అనని బాపు, గోడవతల వింటున్నాడని అప్పుడే నాకు తెలిసింది. నాకు భయం వేసింది. నా నోటి నుంచే వచ్చింది, కానీ నాలో అది ఎప్పుడు ఉంది, ఎక్కడ ఉంది? నేను ఎప్పుడూ చేప వేయించలేదు. ఎవరినీ అలా పోగొట్టుకోలేదు. తోడితే నీళ్ళు రాని బావిలా ఉన్న నాలోంచి అంత నీరు ఎలా వచ్చిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. చేతులు జోడించాలనిపించింది, ఎవరికో తెలియక ఊరుకున్నాను. కాసేపటికి అవ్వ చిన్నగా "ఊ" అంది. లోపల నాడె కదిలింది.

ఇక ముగింపు ఒక్కటే మిగిలింది. అది మాత్రం నా దగ్గర మొదటి నుంచీ భద్రంగా ఉంది. గేట్లు ఎత్తిన రోజున బాలమ్మ కృష్ణ నీళ్ళలో దూకుతుంది. చివర్లో నాయిక చావకపోతే దాన్ని గొప్ప నవల అనరని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. (బస్టాండు చాయ్ హోటల్‌లో ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు.) గడువుకు వారం కూడా లేదు. దూకిస్తే అయిపోతుంది, షాద్‌నగర్ తప్పుతుంది అనుకుని హాయిగా ఉన్నాను.

ఆ దశలో ఒక పొద్దున, భుజాన గొంగడి వేసుకున్న ఒక ముసలాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. దేవరకొండ అవతలి పల్లెలో గొర్రెలు మేపుకునే మనిషి. వారం వారం అంగడికి వస్తాడు, అక్కడ అవ్వకు ముఖపరిచయం. అవ్వ ఆయన్ను "రా తమ్మీ" అని కూర్చోబెట్టింది. నీళ్ళు తాగి, మీసం తుడుచుకుని, ఆయన నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నందికొండల కొలువు చేసేది నువ్వేనా?"

"నేనే తాతా."

"గా బాలమ్మది ఏ ఊరు బిడ్డా? మావోళ్ళ బిడ్డేనట గద. అక్క అంగట్ల చెప్పింది. నా కొడుక్కు భార్య లేదు, చిన్న పోరి ఉన్నది. గామె పనిమంతురాలని, గట్టి మనిషని ఇన్న. నువ్వు ఎరుకున్నోనివి, జర ఒక మాట అడిగి చూస్తవా అని వచ్చిన."

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ దారం కొస కోసం గొట్టం మీదికి చాలా శ్రద్ధగా వంగింది. జరిగింది నాకు అర్థమైంది. కండెలు చుట్టే చోట ఎవరింటి ముచ్చట విన్నా, అంగడిలో ఇంకొకరికి చెప్పడం మా వీధి ఆడవాళ్ళ అలవాటు. ఆ వరుసలోనే ఇదీ చెప్పేసింది. ఇది కథ అని ముందు చెప్పాలని ఆమెకు తోచలేదు. నెల రోజులుగా "ఊ" కొట్టిన మనిషిని లేదని ఎలా చెప్తుంది?

ఆయన మాత్రం అడుగుతూనే ఉన్నాడు. "కోపం మనిషా బిడ్డా?" "కోపమే తాతా, గని ఎక్కువసేపు ఉండదు." "చిన్నపిల్లలతోని ఎట్లుంటది?" "ముందు గదమాయిస్తది, వెనక చేప ముక్క ముల్లు తీసి పెడ్తది." నేను అబద్ధం చెప్పడం లేదు. అడిగిన ప్రతిదానికీ నాకు జవాబు తెలుసు. ఒక్క ప్రశ్నకైనా ఆలోచించుకోవలసిన పని పడలేదు. ఆ మూకుడు ముందు కూర్చున్న మనిషి నాకంటే ఎక్కువగా ఉన్నట్టనిపించింది.

చివరికి బాపు మగ్గం దిగి వచ్చాడు. "మామా, నీకెట్ల చెప్పాలె. గామె లేదు. మావోడు పుట్టిచ్చిండు. గది కత" అన్నాడు.

ముసలాయన తిడతాడనుకున్నాను. పొద్దున్నే అంత దూరం నుంచి వచ్చిన మనిషి, తిట్టినా పడాల్సిందే. ఆయన "లేదా?" అన్నాడు. మళ్ళీ తనలో తాను, "గన్ని సంగతులు చెప్తివి గద" అన్నాడు. తర్వాత గొంగడి సర్దుకుంటూ అడిగాడు.

"అయితే కత ఒడిసిందా?"

"ఇంక లేదు తాతా. కొంచెం ఉన్నది."

"గామెకు పెండ్లి చేస్తవో చెయ్యవో నీ ఇష్టం. చెయ్యకున్నా బతుకుతది గట్టిది. గని కతలల్ల ఊకె ఆడోళ్ళను నీళ్ళల్ల తోస్తరు. నువ్వు తొయ్యకు బిడ్డా. మా కోడలు బాయిల వడి పోయింది. పోరి ఇప్పటికి బొక్కెన సప్పుడైతే చెవులు మూసుకుంటది."

అవ్వ చాయ్ తాగి పొమ్మంటే తాగాడు. అంగడిలో గొర్రెను అమ్మే పని ఉందని లేచి, పాత పరిచయస్తుడిలా నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చేతి బరువు ఇప్పటికీ గుర్తుంది. మిగతా పూటంతా నేను కథ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మరునాడు రాట్నాలు ముందే వచ్చి కూర్చున్నాయి. మొదలుపెట్టాను. గేట్లు ఎత్తారు, జనం వచ్చారు, పోయారు. బాలమ్మ పొయ్యి ఆర్పింది. నీళ్ళ వైపు నడిచింది. ఏమి చేయాలో నాకు తెలియదు. ఆమెను ఆపాలని ఉంది, కానీ నేను ఆపితే ఆగే మనిషి కాదు బాలమ్మ, అది నాకు నెల రోజుల్లో బాగా తెలిసింది. "ఊ" అంది అవ్వ. బాలమ్మ మెట్లు దిగింది. మోకాళ్ళ దాకా దిగింది. తలలో సావుకారు లేచి, ఇక్కడే, ఇప్పుడే దూకాలి అని ఆత్రపడ్డాడు. నా నోటి నుంచి మాట వచ్చింది. "దిగి, చంకలున్న మూకుడు ముంచి, ఇసుక పెట్టి తోమింది. జిడ్డంత పొయ్యేదాక తోమి, తలమీద బోర్లిచ్చుకొని ఇంటికి వచ్చింది. తెల్లారితె చాపలు తేవాలె గద." వసారాలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. పక్కింటామె కొంగుతో కళ్ళొత్తుకుంది. "గిదేంది? గిదేం ముగింపు?" అని సావుకారు లోపల గోల పెట్టాడు. దుప్పటి కప్పి, మిగిలిన కాగితాలు రాసి, చివరి రోజున దేవరకొండ పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాను.

బహుమతి రాలేదు. కానీ నవల అయింది కాబట్టి బాపు మాట మీద నిలబడ్డాడు, షాద్‌నగర్ ఊసెత్తలేదు. కొన్నాళ్ళకు ఒక చిన్న ప్రచురణకర్త దాన్ని పుస్తకం వేశాడు. ఉల్లిగడ్డలు ఏరి పారేయడానికి సావుకారిని అప్పుడు నేనే పిలిచి పీట వేశాను. ఒక విమర్శకుడు ముగింపు తేలిపోయిందని రాశాడు. అవ్వ అంగడిలో ముసలాయనకు, మూకుడు కడుక్కొని ఇంటికి వచ్చిందని చెప్పిందట. ఆయన "మంచిగైంది" అన్నాడట. నా రచనల మీద వచ్చిన సమీక్షలన్నిటిలో నాకు కంఠతా వచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత ఇంకో మూడు నవలలు రాశాను. వయసు పెరిగింది, పేరూ కొంచెం వచ్చింది. ఎప్పుడో తెలియకుండానే దుప్పటి కప్పే అలవాటు తప్పింది. సావుకారికి నా బల్ల పక్కనే కుర్చీ వేసి ఉంచాను, ప్రతి వాక్యం ఆయన వేలి కిందుగానే బయటికి పోతుంది. ఒక్క పోగు తెగి ఉండదు. ముగింపులు చాలా బాగుంటాయని అందరూ అంటారు. ఏవో కొన్ని సన్మానాలు కూడా జరిగాయి. అయినా రాస్తూ రాస్తూ, ఎప్పుడైనా పొద్దుటి పూట వీధి తలుపు వైపు చూస్తాను. ఆ ముగ్గురు నాయికలూ అందగత్తెలే, చదువుకున్నవాళ్ళే, మంచి పేర్లున్నవాళ్ళే. ఒక్కదానికీ ఇంతవరకు సంబంధం రాలేదు.